గ్రీన్‌హౌస్‌లో కుంట తవ్వేవారు పైకప్పును లెక్కలోకి తీసుకోవాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధం ఇంటితోట పేజీలో, గ్రీన్‌హౌస్ లోపల నేలలోకి దించి కుంట కట్టుకోవడం గురించి వచ్చిన వ్యాసం చదివాం. బొమ్మలు చూసి చాలామందికి పార పట్టాలనిపించే ఉంటుంది. కానీ అందులో చెప్పిన పద్ధతి ఆరుబయట తవ్వుకునే కలువ కుంటది. దాన్నే తెచ్చి కప్పు కింద పెట్టారు. ఆరుబయట కుంట పనిలో సగం ప్రకృతే చేసిపెడుతుంది. వాన పాతనీటిని పొంగించి కొత్తనీరు పోస్తుంది, గాలి నీటిని కదుపుతుంది, తూనీగ పిల్లలు, చేపలు దోమ పిల్లల్ని తింటాయి. పైన షీటు, చుట్టూ నెట్టు కట్టాక ఇవి లోపలికి రావు. ఆ పనులన్నీ మనమే చేయాలి, అదీ తవ్వకముందే ఆలోచించుకోవాలి. వ్యాసంలో వదిలేసిన ఈ సంగతులను, ఇలాంటి కుంటలు కట్టే పనిలో ఉన్నవాళ్లం కాబట్టి, కొలతలతో సహా రాస్తున్నాం.

ముందు కప్పు సంగతి. నాలుగు వైపులా పాలిథిన్ బిగించిన గ్రీన్‌హౌస్ మన మైదాన ప్రాంతాల్లో మే నెలకు పనికిరాదు. పైన మాత్రం 200 మైక్రాన్ల యూవీ షీటు (ఎండకు తొందరగా పాడవని పాలిథిన్), దాని మీద లాగడానికి, తీయడానికి వీలుగా 35 శాతం ఎండను ఆపే షేడ్‌నెట్, పక్కలకు పురుగుల నెట్టు వేసుకుంటే చాలు. షేడ్‌నెట్‌ను మార్చి నుంచి జూన్ దాకా లాగి, మిగతా నెలల్లో తీసేయాలి. 75 శాతం నెట్టు కింద కలువ ఆకులు వేస్తుంది కానీ పూయదు. తామరకైతే రోజుకు 6 గంటల సూటి ఎండ కావాలి, దాన్ని బయటే పెంచుకోవాలి.

కుంట ఉంటే గ్రీన్‌హౌస్ చలికాలంలో వెచ్చగా ఉంటుందని వ్యాసం చెప్పింది. అది నిజమే, కాకపోతే అన్నిచోట్లా కాదు. 2,000 లీటర్ల నీరు రాత్రిపూట 3 డిగ్రీలు చల్లబడితే సుమారు 7 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి బయటికి వదులుతుంది. అరకు, లంబసింగి, ఆదిలాబాద్ వైపు రాత్రి పక్కలు మూసి ఉంచే పాలీహౌస్‌లో ఆ వేడి మొక్కలను కాపాడుతుంది. పక్కలు తెరిచి ఉంచే విజయవాడ, కరీంనగర్ పెరళ్లలో అది గాలికి పోతుంది. ఇక్కడ కుంటను నేలలోకి దించడానికి అసలు కారణం వేరే ఉంది. నేల మీద పెట్టిన ప్లాస్టిక్ తొట్టికి నలువైపులా ఎండ తగిలి నీరు కాగుతుంది. చుట్టూ మట్టి ఉన్న నీరు అంత తొందరగా వేడెక్కదు. అందుకే చేపలు, కలువ దుంపలు వేసవి దాటుతాయి.

కొలతలకు ఒక నమూనా తీసుకుందాం. గ్రీన్‌హౌస్ 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. కుంట నోరు 8 అడుగులు, 5 అడుగులు. లోతు రెండున్నర అడుగులు. పొడవాటి అంచు ఒకదాని వెంట అడుగు లోతులో, అడుగు వెడల్పున ఒక మెట్టు. వస, సరస్వతి ఆకు, నీటిబ్రహ్మి కుండీలు పెట్టుకునేది ఆ మెట్టు మీదే. గోడలు నిటారుగా కాకుండా అడుగు లోతుకు 3 అంగుళాల చొప్పున లోపలికి వాలాలి. ఇలా తవ్వితే అంచుదాకా సుమారు 70 ఘనపుటడుగులు, అంటే 2,000 లీటర్లు పడుతుంది. అడుగున ఇసుక పరుపు కోసం 2 అంగుళాలు అదనంగా తవ్వాలి.

కుంటను గ్రీన్‌హౌస్ స్తంభాలకు ఎంత దూరంలో తవ్వాలన్నది వ్యాసంలో లేదు. గొయ్యి ఎంత లోతో, స్తంభం దిమ్మె నుంచి కనీసం అంత దూరం ఉండాలి, అరడుగు ఎక్కువైతే ఇంకా మంచిది. పై నమూనాలో పక్కలకు మూడున్నర అడుగులు మిగులుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. 8 అడుగుల వెడల్పున్న చిన్న గ్రీన్‌హౌస్‌లో ఇదే కుంట తవ్వితే, తొలి పెద్ద వానకు దిమ్మె కింద మట్టి గొయ్యి వైపు జారుతుంది. తర్వాత గాలివానకు ఆ స్తంభమే ముందు ఒరుగుతుంది.

మట్టిని బట్టి పని మారుతుంది. ఎర్రమట్టి, మొరం నేలల్లో గోడలు బాగా నిలుస్తాయి. ఇసుక నేలల్లో ఈ వాలు చాలదు, ఇటుక గోడ కట్టాల్సిందే. నల్లరేగడిలో జాగ్రత్త. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే చేయి దూరేంత నెర్రెలిస్తుంది. కప్పు కింద వాన పడక నేల ఎప్పుడూ పొడిగా ఉంటుంది, కుంట చుట్టూ మాత్రం చిందిన నీటికి తడుస్తుంది. ఈ తేడాకు సిమెంటు తొట్టి రెండో ఏటికల్లా పగులుతుంది. రేగడిలో అడుగున, పక్కలకు అరడుగు ఎక్కువ తవ్వి, ఆ మేర మొరం నింపి, తడిపి దిమ్మిస కొట్టి, దాని మీద నీరు ఇంకకుండా ఆపే షీటు వేసుకోవడం మేలు. షీటు సాగుతుంది, సిమెంటు సాగదు.

కోనసీమ, కృష్ణా డెల్టా, కొల్లేరు చుట్టుపక్కల ఊళ్లవారు తవ్వే ముందు వానాకాలంలో తమ బావిలో నీరు ఎంత పైకి వస్తుందో చూసుకోవాలి. మూడడుగుల్లోనే నీరు తగిలితే రెండున్నర అడుగుల గొయ్యి పెట్టకూడదు. కడగడానికి కుంట ఖాళీ చేసిన రోజున కింది నీరు షీటును బుడగలా పైకి తేలుస్తుంది. సిమెంటు తొట్టినైనా లేపుతుంది. అలాంటి చోట అడుగు మాత్రం లోపలికి దించి, మిగతా అడుగున్నర ఇటుక గోడగా పైకి కట్టాలి. ఏ కుంటనైనా సరే వానాకాలంలో పూర్తిగా తోడకండి.

షీటు కొనేటప్పుడు పొదుపు చేసేవారే ఎక్కువ. నీలం టార్పాలిన్ పట్టా ఒకటి రెండు వేసవులకు మించి నిలవదు. నీటి మట్టానికి పైన ఎండ తగిలే పట్టీ దగ్గర ముందు చిట్లుతుంది. వ్యవసాయ నీటికుంటల్లో వేసే 500 మైక్రాన్ల హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ షీటు గట్టిదే, కానీ బిరుసు. మూలల్లో మడత పడదు కాబట్టి గొయ్యి మూలల్ని గుండ్రంగా తవ్వాలి. డబ్బు పెట్టగలిగితే 1 మి.మీ. ఈపీడీఎం రబ్బరు షీటు అన్నిటికన్నా ఒదుగుతుంది. షీటు కొలత ఇలా వేసుకోవాలి: పొడవుకు రెండు లోతులు కలిపి, రెండు అంచులకు ఒకటిన్నర అడుగు చొప్పున చేర్చాలి. 8, 5, 3 కలిపితే 16 అడుగులు. వెడల్పు 5, 5, 3 కలిపితే 13 అడుగులు. మెట్టుకు విడిగా కలపనక్కర్లేదు.

షీటు కింద గోనె సంచులు పరవమని వ్యాసంలో ఉంది. దయచేసి పరవకండి. కప్పు కింది పొడి నేలలో అవి చెదలకు విందు. అడుగున 2 అంగుళాల జల్లెడ పట్టిన ఇసుక, పక్కలకు ఇసుక నిలవదు కాబట్టి జియోటెక్స్‌టైల్ (నేల పనుల్లో వాడే దళసరి సింథటిక్) గుడ్డ వేస్తే చాలు. వాడేసిన ఫ్లెక్సీ బ్యానర్లు రెండు వరసలు వేసినా పనికొస్తాయి, ఎన్నికల తర్వాత వాటికి కొదవ ఉండదు. పందికొక్కులున్న పెరళ్లలో గొయ్యి అంచు చుట్టూ అడుగు లోతున వెల్డ్ మెష్ (వెల్డింగ్ చేసిన ఇనుప జాలీ) నిలువుగా పాతిపెట్టాలి. నీటి వాసన పట్టి అవి పక్కనుంచి తొలుచుకొచ్చి షీటు కొరుకుతాయి, ఆ చిల్లు పైనుంచి కనపడదు.

షీటును మిట్టమధ్యాహ్నం లాగి బిగించకూడదు. ఎండకు సాగిన షీటు రాత్రికి కుంచించుకుని మూలల దగ్గర నేలను వదిలి పైకి లేస్తుంది. ఉదయం వదులుగా పరిచి, అంచుల మీద ఇటుకలు పెట్టి, సన్నటి ధారతో నీరు వదలాలి. నీరు ఎక్కుతున్న కొద్దీ మడతలు సర్దుకుంటూ ఇటుకలు జరుపుతూ పోవాలి. నిండిన తర్వాత ఒక రోజు ఆగి అప్పుడు మిగులు కత్తిరించాలి.

అంచుకు ముందుగానే చుట్టూ 4 అంగుళాల మందం, 9 అంగుళాల వెడల్పు కాంక్రీటు పట్టీ పోసుకుని ఉండాలి. షీటును దాని మీదుగా తీసుకొచ్చి, పైన కడప బండలు గానీ తాండూరు బండలు గానీ 2 అంగుళాలు నీటి మీదికి వచ్చేలా పరవాలి. ఎండ షీటును తాకకుండా చూడటమే ఈ బండల పని, అందం తర్వాత. పట్టీ మట్టం చూసేటప్పుడు రసమట్టం ఒక్కటే నమ్ముకోకుండా పారదర్శకపు పైపులో నీరు పోసి ఎదురెదురు అంచులు చూడమని మేస్త్రికి చెప్పండి. ఒక చివర అంగుళం పల్లమైతే రెండో చివర అంగుళం షీటు ఎప్పటికీ ఎండకు ఎండుతూనే ఉంటుంది.

సిమెంటు తొట్టే కావాలనేవారికి క్లుప్తంగా: అడుగున 4 అంగుళాల కాంక్రీటులో 8 మి.మీ. ఊచలు 6 అంగుళాల ఎడంతో, 9 అంగుళాల ఇటుక గోడ, సిమెంటు, ఇసుక 1:3 పాళ్లలో వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన పూత, కనీసం 10 రోజులు నీళ్లు పట్టడం. తర్వాత నింపి వారం ఉంచి పారబోయాలి. అలా మూడుసార్లు చేయాలి. కొత్త సిమెంటు నుంచి దిగే సున్నం వల్ల నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 10 దాటుతుంది, చేపలు ఒక్కరోజు కూడా బతకవు. పీహెచ్ 8.5 కంటే తగ్గాకే వాటిని వదలాలి.

ఇప్పుడు అసలు విషయం, నీరు. ఈ కుంట నోరు సుమారు 3.7 చదరపు మీటర్లు. వేసవిలో రోజుకు 6 మిల్లీమీటర్లు ఆవిరైందనుకుంటే 22 లీటర్లు పోయినట్టు. నెలకు 660 లీటర్లు, అంటే కుంటలో మూడో వంతు. పోయేది నీరే, అందులోని ఉప్పులు ఎక్కడికీ పోవు. టీడీఎస్ (లీటరు నీటిలో కరిగిన ఉప్పులు, మిల్లీగ్రాముల్లో) 1,000 ఉన్న బోరు నీటితో ఆ లోటు పూడుస్తుంటే నెలకు 660 గ్రాముల ఉప్పులు కలుస్తాయి. మార్చి మొదట్లో 1,000తో మొదలైన కుంట మే ఆఖరుకు 2,000కు చేరుతుంది. బండల కింద తెల్లటి పొర, కలువ ఆకుల అంచులు మాడటం, పంపు రెక్క బిగుసుకోవడం, అన్నిటికీ మూలం ఇదే. చాలామంది దీన్ని తెగులనుకుని మందులు కొంటారు. 15 రోజులకోసారి ఐదో వంతు, అంటే 400 లీటర్లు తోడి అరటికో కొబ్బరికో పోసి కొత్తనీరు నింపితే మే ఆఖరుకు 1,500 దగ్గర ఆగుతుంది. బోరు నీటితో ఇంతకంటే తగ్గించడం కష్టం.

అందుకని వాననీటిని మనమే లోపలికి తేవాలి. 240 చదరపు అడుగుల కప్పు మీద అంగుళం వాన పడితే 560 లీటర్లు వస్తుంది. 4 అంగుళాల వానకు కుంటంత నీరు దొరికినట్టే. 6 అంగుళాల పీవీసీ గొట్టాన్ని నిలువునా చీల్చి చూరుకు కట్టి, సీజన్‌లో తొలి వానను బయటికి వదిలేసి, తర్వాతి వానలను జల్లెడ మీదుగా కుంటలోకి మళ్లించాలి. ఒక డ్రమ్ములో ఇంకొంత నిల్వ చేసుకుంటే వేసవి లోటుకు అదే సరైన నీరు. పాలిథిన్ లేకుండా షేడ్‌నెట్ ఒక్కటే వేసుకున్నవారికి వాన ఎలాగూ కారుతుంది కాబట్టి ఈ గొట్టం అక్కర్లేదు. మున్సిపల్ కుళాయి నీరైతే క్లోరిన్ పోవడానికి మూత లేని డ్రమ్ములో ఒకటి రెండు రోజులు ఉంచి పోయాలి.

నీరు వచ్చే దారి పెట్టాక పోయే దారి పెట్టాలి. మీరు వేసిన బొమ్మలో అది లేదు. అది లేకపోతే ఒక రాత్రి కురిసిన వానకు నీరు పొంగి షీటు వెనక్కి దిగుతుంది, అక్కడ మట్టి కొట్టుకుపోయి బండలు కుంగుతాయి. షీటుకు చిల్లు పెట్టకుండా, కాంక్రీటు పట్టీలో ఒకచోట 3 అంగుళాల గండి వదిలి, షీటును ఆ గండిలోంచి బయటికి పరిచి, అక్కడినుంచి 2 అంగుళాల గొట్టాన్ని 10 అడుగులకు 2 అంగుళాల వాలుతో ఇంకుడు గుంతకు కలపండి. గండికి జాలీ తప్పనిసరి. లేకపోతే చిన్నచేపలు వరదతో పాటు వెళ్లిపోతాయి.

దోమలు. డెంగీని మోసే ఏడిస్ దోమ నిలవున్న మంచినీటి అంచున గుడ్లు పెడుతుంది, మన వేడికి 7 నుంచి 10 రోజుల్లో దోమై లేస్తుంది. నెట్టు ఉంది కదా అనుకోవద్దు, తలుపు తెరిచిన ప్రతిసారీ ఒకటి రెండు వస్తాయి, లోపల వాటిని తినేవి ఏవీ ఉండవు. 15, 20 గప్పీ చేపలు వదిలితే సరిపోతుంది, అవే పెరుగుతాయి. కార్పొరేషన్లు వదిలే గంబూసియా చేప కూడా దోమ పిల్లల్ని తింటుంది కానీ ఇతర చేపల గుడ్లనూ తినేస్తుంది, పొంగు నీటితో చెరువుల్లోకి చేరితే అక్కడి చేపలకు ముప్పు. మెట్టు మీద ఆకులు చిక్కగా అల్లుకుంటే చేప దూరలేదు, దోమ పిల్లలు అక్కడే దాక్కుంటాయి. వారానికోసారి చేత్తో పలచన చేయాలి. ఆకులు నీటి మీద సగం, అంతకు కాస్త ఎక్కువ కప్పితే పాచి అదుపులో ఉంటుంది. గుర్రపు డెక్కను ఎంత అందంగా పూసినా తేవద్దు.

పంపు డబ్బా మీద గంటకు 2,000 లీటర్లు అని రాసి ఉంటే అది సున్నా ఎత్తుకు లెక్క. మూడడుగులు పైకి పంపేసరికి సగానికి పడిపోవచ్చు. చేపలుంటే గంటకోసారి, కలువలే అయితే రెండు గంటలకోసారి కుంట నీరంతా ఒకసారి తిరగాలి. 40 వాట్ల పంపు రోజంతా నడిస్తే ఒక యూనిట్ కాలుతుంది. 100 లీటర్ల డ్రమ్ములో 20 మి.మీ. కంకర, ఇటుక ముక్కలు నింపి, నీరు కిందనుంచి ఎక్కి పైనుంచి కుంటలో పడేలా చేస్తే అదే ఫిల్టరు. అందులో మేలుచేసే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటిరోజే డజను గోల్డ్‌ఫిష్ వదిలితే తమ విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాకే చస్తాయి. గప్పీలతో మొదలుపెట్టి, నెల దాటాక రెండేసి చొప్పున ఆరు గోల్డ్‌ఫిష్ దాకా వెళ్లొచ్చు.

కరెంటు ఆదా చేద్దామని రాత్రి పంపు ఆపేసేవారున్నారు. ఆపితే పగలు ఆపండి. 20 డిగ్రీల నీరు లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే 35 డిగ్రీల నీరు 7 మిల్లీగ్రాములే పట్టుకుంటుంది. పగలు మొక్కలు ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రి అవే పీల్చుకుంటాయి. అందుకే చేపలు తెల్లవారుజామున నోళ్లు తెరిచి పైకొస్తాయి. పైన కప్పు, పక్కలకు నెట్టు ఉన్నచోట గాలి కదలిక కూడా తక్కువ. కరెంటు పోయే ఊళ్లలో బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు దగ్గరుంచుకోవాలి.

నీరు, కరెంటు, ఇనుప పైపులు ఒకేచోట ఉన్నాయి కాబట్టి పంపు లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు లీకైతే లైనును ఆపేసే స్విచ్) పెట్టించకుండా స్విచ్ వేయకండి. గ్రీన్‌హౌస్ జీఐ (జింకు పూత వేసిన ఇనుప) చట్రాన్ని విడిగా ఎర్త్ చేయించాలి. సాకెట్ మూత ఉన్న పెట్టెలో, నేలకు మూడడుగుల పైన ఉండాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో నీటి మట్టానికి పైనే ఉండేలా గట్టి జీఐ వెల్డ్ మెష్‌ను బండలకు బిగించి, మనిషి బరువు ఆపుతుందో లేదో తొక్కి చూడాలి. గ్రీన్‌హౌస్ తలుపు గడియ ఐదడుగుల ఎత్తున ఉండాలి. నేలమట్టానికి ఉన్న నీరు పసిపిల్లలకు నేలలాగే కనిపిస్తుంది.

మొక్కల అమరిక గురించి ఒక మాట. కుంట పక్కన రాత్రిపూట తేమ బాగా పెరుగుతుంది. తమలపాకు తీగ, ఆంథూరియం, ఫెర్న్‌లు, ఆర్కిడ్లు దాన్ని ఇష్టపడతాయి. టమాటా, క్యాప్సికం, దోస అక్కడ పెడితే ఆకుమచ్చ, బూజు తెగుళ్లు వదలవు. వాటిని గాలి వచ్చే చివరకు మార్చండి. ఇక పురుగుకు సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ లాంటివి కొట్టే అలవాటున్నవారు కుంట ఉన్న గ్రీన్‌హౌస్‌లో ఆ మందులు మానుకోవాలి. అవి చేపలకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం, బయటిలా గాలికి చెదిరిపోకుండా తుంపర నేరుగా నీటి మీదే దిగుతుంది. వేపనూనె కొట్టినా సరే ముందు కుంట మీద పాలిథిన్ కప్పి, ఆకులు ఆరాక తీయండి. కప్పి ఉంచిన ఆ కాసేపు ఎయిర్ పంపు మాత్రం ఆపవద్దు.

చివరగా, నీరు తగ్గగానే కారుతోందని కంగారుపడి షీటు పీకకండి. పంపు ఆపి, ఒక బకెట్టులో కుంట నీరే నింపి మెట్టు మీద పెట్టి, బకెట్టు లోపల, కుంట అంచున గుర్తులు పెట్టండి. 24 గంటల తర్వాత రెండూ సమానంగా తగ్గితే అది ఆవిరే. కుంట ఎక్కువ తగ్గితే చేపల్ని తీసి నీటిని దాని మానాన దిగనివ్వండి. ఎక్కడ ఆగిందో ఆ మట్టం చుట్టూ వెతికితే చిల్లు దొరుకుతుంది. సైకిల్ ట్యూబు సొల్యూషన్ హెచ్‌డీపీఈకి అంటదు, దానికి వేడిగాలితో అతికే మనిషి కావాలి. ఈపీడీఎం షీటుకైతే దాని కోసమే వచ్చే టేపు ఉంటుంది. అతికే చోటు ముందు పొడిగా తుడిచి, చిల్లుకు చుట్టూ 3 అంగుళాలు మించేలా ముక్క వేయాలి.

ఇట్లు,
ఇంటితోటల్లో నీటికుంటలు కట్టే పనిలో ఉన్న కొందరు పాఠకులు,
విజయవాడ